ఫోను చూసొచ్చిన పిల్లలకు పాఠం చెప్పడం



ఈ ప్రసంగం ముఖ్యంగా బళ్లలో పాఠాలు చెప్పేవాళ్ల కోసం. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా చెప్పే సార్ల కోసం, మేడమ్‌ల కోసం. పిల్లల్ని బడికి పంపే అమ్మానాయనలు కూడా వినండి. చివర్లో మీకూ ఒక పని చెప్తాను.

ఈ మధ్య ప్రతి తరగతిలో ఒక మాట వినిపిస్తోంది. సార్ పాఠం మొదలుపెడతారు. బోర్డు మీద కిరణజన్య సంయోగక్రియ అని రాస్తారు. వెనక బెంచీలోంచి ఒకడు అంటాడు, "ఇది నేను యూట్యూబ్‌లో చూసేసినాను సార్" అని. సార్‌కు కాస్త చిన్నతనంగా ఉంటుంది. పాఠం ఇంకా మొదలే కాలేదు. పిల్లవాడికి అప్పుడే వచ్చేసిందా? వచ్చేస్తే ఇక నేనెందుకు?

మీరు కావాలి. మునుపటికన్నా ఎక్కువ కావాలి. ఆ పిల్లవాడు చూసిన మాట నిజమే. కానీ చూసినదంతా తెలిసినట్టే అనుకుంటున్నాడు. ఆ చూసినదాన్ని తెలిసినదాకా తీసుకుపోయే మనిషి ఇంట్లో లేడు, ఫోనులో లేడు. తరగతిలో ఉన్నాడు.

దానికి ఒక పద్ధతి ఉంది. మూడే మాటలు. ముందు అనుకోవాలి. తర్వాత వెతకాలి. ఆపైన సరిచూడాలి. మళ్లీ చెప్తాను. ముందు అనుకోవాలి, తర్వాత వెతకాలి, ఆపైన సరిచూడాలి. ఈ వరస మాత్రం మారకూడదు. ఇప్పుడు మన పిల్లలు చేస్తున్నది మధ్యలో ఉన్న పని ఒక్కటే. వెతుకుతున్నారు. ముందు ఒక మాట అనుకోవడం లేదు. తర్వాత సరిచూసుకోవడం లేదు.

అసలు సంగతిలోకి పోయే ముందు ఒక అపోహ తీసేద్దాం. ఫోనుతోనే పుట్టిన పిల్లలు, వాళ్లకు మనం నేర్పేదేముంది అని చాలామంది టీచర్లు వెనక్కి తగ్గుతున్నారు. ఈ అభిప్రాయానికి ఇరవై ఏళ్లకు పైగా వయసుంది. 2001లో మార్క్ ప్రెన్స్కీ అనే అమెరికా రచయిత ఒక వ్యాసం రాశాడు. ఈ పిల్లలు డిజిటల్ లోకంలో పుట్టిన స్థానికులు, మన టీచర్లు అక్కడికి వలస వచ్చినవాళ్లు అన్నాడు. ఆ మాట ప్రపంచమంతా పాకింది. తర్వాత 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు దాన్ని జాగ్రత్తగా పరిశీలించారు. ఫలానా ఏడు తర్వాత పుట్టినంత మాత్రాన ఆ పిల్లలందరికీ ఒకే నేర్పు వచ్చేస్తుందనడానికి ఆధారం లేదన్నారు.

మన దేశం లెక్కలు కూడా చూడండి. ప్రథమ్ సంస్థ అసర్ అనే పేరుతో పల్లెటూళ్లలో సర్వే చేస్తుంది. 2023లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లల్ని కలిసింది. దాదాపు నూటికి 90 ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. కానీ ఆ పిల్లల్లో పావు వంతు మంది, తమ సొంత భాషలో, రెండో తరగతి పాఠాన్ని తడబడకుండా చదవలేకపోయారు. 2024లో 14 నుంచి 16 ఏళ్ల వాళ్లను అడిగారు. స్మార్ట్‌ఫోన్ వాడడం నూటికి 82 మందికి వచ్చు. అట్లా వాడడం వచ్చినవాళ్లలో, అంతకు ముందు వారంలో చదువు పని మీద ఫోను పట్టుకున్నవాళ్లు నూటికి 57 మంది. సోషల్ మీడియా కోసం పట్టుకున్నవాళ్లు 76 మంది.

అంటే ఏమిటి? వేలు చురుగ్గా ఉంది. చదువు ఇంకా మెల్లగానే ఉంది. వేలికి మనం నేర్పక్కరలేదు. చదివి, ఆలోచించి, ఇది నిజమా కాదా అని తేల్చుకోవడం నేర్పాలి. అది మనకు కొత్త విద్య కాదు. మనకు బాగా తెలిసిన విద్యే.

తిరుపతి బస్టాండుకు ఎప్పుడైనా కొత్తగా వచ్చినవాణ్ని చూశారా? పుంగనూరు బస్సు ఎక్కడ నిలబడుతుందని అడుగుతాడు. పదిమంది చెప్తారు. ఒకరు అటు చూపిస్తారు, ఒకరు ఇటు చూపిస్తారు. అందరూ మంచివాళ్లే. అందరూ గట్టిగానే చెప్తారు. తెలిసినవాడు ఏం చేస్తాడు? బస్సు బోర్డు చూస్తాడు. కండక్టర్‌ను అడుగుతాడు. అప్పుడు ఎక్కుతాడు. ఫోనులో జవాబు కూడా ఆ పదిమంది మాటే. బోర్డు చూడడం, కండక్టర్‌ను అడగడం, ఇవి మనం నేర్పాల్సినవి.

సరే, తరగతిలో ఇది ఎట్లా జరుగుతుందో చూద్దాం. మన ప్రాంతం సంగతే తీసుకుంటాను.

ఆగస్టు నెల అనుకోండి. ఎనిమిదో తరగతి. జెండా పండగ దగ్గరకొచ్చింది. సార్ బోర్డు మీద మూడు వాక్యాలు రాస్తారు. ఒకటి, జనగణమన మన మదనపల్లెలో రాశారు. రెండు, ప్రపంచంలోకెల్లా గొప్ప జాతీయ గీతం మనదేనని యునెస్కో ప్రకటించింది. మూడు, జనగణమనకు ఇంగ్లీషు అనువాదం మదనపల్లెలో జరిగింది. ఈ మూడూ ఏటా వాట్సాప్‌లో తిరిగేవే. పిల్లకాయలు చూసి ఉంటారు.

మొదటి పని. ముందు అనుకోవాలి. ఫోనూ లేదు, ట్యాబూ లేదు. నోట్‌బుక్ తీయమంటారు. మూడింట్లో ఏది నిజం, ఏది అబద్ధం, ఎందుకు అనుకుంటున్నావు, ఒక్కొక్క వాక్యం రాయమంటారు. ఒకడు రాస్తాడు, "మొదటిది నిజం, మా నాయన చెప్పినాడు" అని. ఒక అమ్మాయి రాస్తుంది, "రెండోది నిజం, మా గ్రూపులో వచ్చింది" అని. అవి తప్పో ఒప్పో సార్ అప్పుడే చెప్పరు. రాయించడం వరకే.

ఇది ఎందుకు ముఖ్యమో చెప్తాను. మనస్తత్వ శాస్త్రం చదివినవాళ్లు దీన్ని ప్రయోగాలు చేసి చూశారు. ముందు ఒక జవాబు ఊహించి, అది తప్పైనా సరే, తర్వాత అసలు జవాబు తెలుసుకున్నవాళ్లకు అది బాగా గుర్తుంటుంది. నేరుగా జవాబు చదివేసిన వాళ్లకు అంతగా గుర్తుండదు. అందుకే పిల్లవాడి చేత ముందు ఒక మాట అనిపించాలి. కాగితం మీద పెట్టించాలి. పెన్నుతో రాసిన మాటకు వాడు జవాబుదారీ అవుతాడు. తర్వాత ఏం తేలుతుందోనని చెవులు నిక్కించి వింటాడు.

రెండో పని. ఇప్పుడు వెతకాలి. తరగతి గదిలో ఐఎఫ్‌పీ ప్యానెల్, అంటే పెద్ద టచ్ తెర, ఉంటే దాని మీద. లేకపోతే సార్ ఫోను మీద. అందరి ముందు వెతుకుతారు. పదిహేను ఫలితాలు వస్తాయి. కొన్ని అవును అంటాయి, కొన్ని కాదంటాయి. పిల్లలకు ఇక్కడ తికమక మొదలవుతుంది. మొదలవ్వనివ్వండి. ఆ తికమకే మనకు కావలసింది.

మూడో పని. సరిచూడాలి. సార్ ఒకే ఒక ప్రశ్న వేస్తారు. "ఏ సంవత్సరంలో అని రాశారు?" పిల్లలు వెతుకుతారు. జనగణమన మొదటిసారి పాడింది 1911 డిసెంబరు 27న, కలకత్తాలో, కాంగ్రెస్ మహాసభలో. రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె బీసెంట్ థియొసాఫికల్ కాలేజీకి వచ్చింది 1919లో. అప్పుడు చూడండి తరగతిలో. ఎవరో ఒకరు లేస్తారు. "సార్, ఎనిమిదేళ్ల ముందే పాడేసినారు కదా. మరి మదనపల్లెలో ఎట్లా రాసినట్టు?"

ఆ పిల్ల ఆ మాట ఫోనులో చదవలేదు. రెండు సంవత్సరాలు పక్కపక్కన పెట్టి తనే తేల్చింది. ఏ సెర్చ్ ఇంజిన్ చేసిన పనీ కాదు అది. టీచరుగా మనకు ఇంతకన్నా పెద్ద సంతోషం ఏముంటుంది?

ఇక మూడో వాక్యం నిజం. ఆ కాలేజీ ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతం బాగా తెలిసినావిడ. ఆవిడ ఆ పాటకు స్వరాలు రాసింది. ఠాగూర్ అక్కడే ఇంగ్లీషు అనువాదం చేసి తన చేతి రాతతో ఇచ్చారు. ఊరు ఉంది, మనుషులు ఉన్నారు, సంవత్సరం ఉంది, చేతిరాత ఉంది. ఇప్పుడు రెండో వాక్యానికి, యునెస్కో మాటకు వద్దాం. ఎప్పుడు ప్రకటించింది? ఏ సమావేశంలో? ఎవరు సంతకం పెట్టారు? ఏదీ దొరకదు. అట్లాంటి ప్రకటన మేమేదీ చేయలేదని యునెస్కో చెప్పి చాలా ఏళ్లయింది. అయినా మెసేజ్ తిరుగుతూనే ఉంది.

మన జాతీయ గీతం మీద గౌరవం తగ్గించడం కాదిది. మదనపల్లెకు ఉన్న నిజమైన గొప్పతనాన్ని పిల్లలు నిజంగా తెలుసుకున్నారు. ఒక పీరియడ్‌లో తేదీ అడగడం నేర్చుకున్నారు. ఆధారం అడగడం నేర్చుకున్నారు. రేపు ఏ మెసేజ్ వచ్చినా ఆ రెండూ అడుగుతారు.

ముందు అనుకున్నారు. తర్వాత వెతికారు. ఆపైన సరిచూశారు.

లెక్కల సార్లు అడుగుతారు, మాకు ఇది పనికొస్తుందా అని. భేషుగ్గా పనికొస్తుంది. మనది మామిడి తోపుల సీమ. 2025లో తోతాపురి ధర పడిపోయింది. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందని, మొత్తం 12 రూపాయలు అని ప్రకటించారు. ఒక రైతు 3 టన్నులు తోలినాడు. ఫ్యాక్టరీ నుంచి ఎంత రావాలి? ప్రభుత్వం నుంచి ఎంత రావాలి? ముందు పిల్లలు నోటితో అంచనా చెప్పాలి. తర్వాత ఫోనులో ధర వెతకాలి. బెంగళూరు మార్కెట్ ధర కనిపిస్తుంది. ముందటేడు ధర కనిపిస్తుంది. వేరే రకం కాయ ధర కనిపిస్తుంది. అప్పుడు లెక్క చేయాలి. ఫ్యాక్టరీ నుంచి 24 వేలు. ప్రభుత్వం నుంచి 12 వేలు. మొత్తం 36 వేలు. ఆపైన, ఇంట్లో నాయన దగ్గర తూకం చీటీ ఉంటే చూసి రమ్మనాలి. చీటీలో ధర, ప్రకటించిన ధర ఒకటేనా? తేడా ఉంటే ఎందుకు? అక్కడితో అది లెక్కల పాఠం దాటి సాంఘిక శాస్త్రంలోకి పోతుంది. పోనివ్వండి.

ఇప్పుడు మీలో చాలామందికి ఒక అనుమానం. సిలబస్ ఎప్పుడు అవుతుంది సార్, పదో తరగతి రిజల్ట్స్ ఎవరు ఇస్తారు అని. న్యాయమైన అనుమానమే. హాజరు యాప్‌లో వేయాలి. మధ్యాహ్న భోజనం యాప్‌లో ఎక్కించాలి. ఇవన్నీ అయ్యాక మిగిలిన సమయంలో పాఠం. నాకు తెలుసు. అందుకే ప్రతిరోజూ చేయమనను. వారానికి ఒక పీరియడ్ చాలు. ఒక పాఠంలో ఒక ప్రశ్న చాలు. మిగతా రోజుల్లో మీరు చెప్పే తీరులోనే చెప్పండి.

ఒక సంగతి గుర్తు చేస్తాను. ఇట్లా టీచరు పని మారడం మన సీమలో ఫోను రాకముందే జరిగింది. 2022లో జిల్లాలు విడదీసేదాకా మదనపల్లె చిత్తూరు జిల్లానే కదా. ఆ పక్కనే రిషి వ్యాలీ. జిడ్డు కృష్ణమూర్తి పెట్టిన బడి. దాని చుట్టూ ఉన్న చిన్న చిన్న పల్లెల్లో 1980ల చివర్లో పద్మనాభరావు, రమ దంపతులు పిల్లల కోసం బళ్లు నడిపారు. ఒక గది, ఒక టీచరు, అన్ని తరగతుల పిల్లలూ అక్కడే. ఒక తరగతికి చెప్తుంటే మిగిలిన తరగతులు ఖాళీ. మరి ఏం చేశారు?

పాఠాన్ని కార్డులుగా విడగొట్టారు. ఒక్కో కార్డు మీద ఒక చిన్న పని. గోడ మీద నిచ్చెన లాంటి పటం. ఇంకా చదవడం రాని పిల్ల కూడా తన కార్డు తనే వెతుక్కునేలా బొమ్మల గుర్తులు. ఎవరు ఎక్కడ ఆగిపోతే మర్నాడు అక్కడి నుంచే మొదలు. జ్వరం వచ్చి వారం రాకపోయినా పాఠం దాటిపోదు. టీచరు బోర్డు దగ్గర నిలబడలేదు. పిల్లల మధ్య కింద కూర్చున్నారు. ఎవరికి తట్టలేదో వాళ్ల పక్కకు జరిగారు.

వాళ్లు కొలతల మేళా కూడా పెట్టారు. పిల్లలు తక్కెడలు, టేపులు పెట్టుకుని కూర్చుంటారు. ఊళ్లోవాళ్లు వస్తారు. పిల్లలే వాళ్ల ఎత్తు కొలుస్తారు, బరువు తూస్తారు, సరుకు అమ్మి చిల్లర లెక్కపెట్టి ఇస్తారు. బళ్లో నేర్చిన లెక్క ఊరి ముందు సరిచూసుకున్నట్టు. ఈ కార్డుల పద్ధతిని చూసి చెన్నై కార్పొరేషన్ బళ్లు తీసుకున్నాయి. తర్వాత తమిళనాడు ప్రభుత్వ బళ్లకు పాకింది.

అక్కడ ట్యాబ్ లేదు, ఇంటర్నెట్ లేదు. అయినా పని పిల్లవాడి చేతిలో ఉంది. ఇప్పుడు ట్యాబ్ చేతిలో ఉంది. పని మాత్రం చాలా చోట్ల పిల్లవాడి చేతిలోకి రాలేదు. 2022 డిసెంబరులో మన రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు ఇచ్చారు. వాటిలో వీడియో పాఠాలు. పిల్లవాడు వీడియో పెడతాడు. అందులో ఒకాయన చెప్తూ పోతాడు. వీడు చూస్తూ పోతాడు. బోర్డు దగ్గర సార్ గంటసేపు ఆపకుండా చెప్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. కాబట్టి ప్యానెల్ మీద వీడియో పెట్టినప్పుడు రెండు నిమిషాలకు ఆపండి. "తర్వాత ఏమవుతుంది? రాయండి" అనండి. అందరూ రాశాక మళ్లీ పెట్టండి. ఆ ఆపడంలోనే మీ పాఠం ఉంది.

ఇంకొక మాట. ఇది చాలా గట్టిగా చెప్పాలి. అందరికీ ఫోను ఉందని మాత్రం అనుకోకండి. ఇంట్లో ఒకే ఫోను. పగలంతా నాయన జేబులో ఉంటుంది. చేను దగ్గరికి పోతుంది, ఆటో తోలడానికి పోతుంది. రాత్రి ఎనిమిదికి ఇంటికొస్తే అన్నకు ఇస్తారు. చెల్లెలికి వచ్చేసరికి చార్జింగ్ ఉండదు. అసర్ సర్వేలో కూడా సొంత ఫోను మగపిల్లల దగ్గర ఎక్కువ, ఆడపిల్లల దగ్గర తక్కువ అని తేలింది. అందుకని ఫోనులో చూసి రండి అని హోంవర్క్ ఇవ్వకండి. అది ఆ చెల్లెల్ని శిక్షించడమే. వెతికే పని బళ్లోనే చేయించండి. నలుగురికి ఒక ట్యాబ్ ఇవ్వండి. వెతికే పిల్ల ఒకరు, రాసే పిల్ల ఒకరు, తేదీ అడిగే పిల్ల ఒకరు, చివర్లో లేచి చెప్పే పిల్ల ఒకరు. వారం వారం పనులు మార్చండి. ఇంటికి మాత్రం అనుకునే పని, సరిచూసే పని ఇవ్వండి. వాటికి ఫోను అక్కరలేదు.

ఇప్పుడు చాట్‌జీపీటీ లాంటివి వచ్చాయి. ప్రాజెక్టు వర్క్ ఇస్తే పదిమంది పిల్లల దగ్గర్నుంచి ఒకే రకం వ్యాసం వస్తోంది. తిట్టి లాభం లేదు. ప్రశ్న మార్చాలి. "వర్షపాతం గురించి రాయండి" అంటే యంత్రం రాసిస్తుంది. "ఈ వారం మన ఊళ్లో ఎంత వాన పడింది, కొలిచి రాయండి" అంటే రాయలేదు. మూతి, అడుగు ఒకే వెడల్పున్న డబ్బా ఒకటి ఆరుబయట పెట్టించండి. పొద్దున్నే అందులో స్కేలు ముంచి ఎన్ని మిల్లీమీటర్లో రాయించండి. ముందురోజు సాయంత్రమే రేపు వాన వస్తుందా అని పిల్లలు అనుకోవాలి. ఫోను ఏం చెప్పిందో పక్కన రాయాలి. పొద్దున డబ్బా ఏం చెప్పిందో రాయాలి. నెల రోజుల్లో మూడు వరసల పట్టిక తయారవుతుంది. ఫోను తిరుపతి వాన చెప్తుంది, మన ఊరి మీద పడిన వాన డబ్బా చెప్తుంది. పాకాల పక్కన గాదంకిలో వాతావరణ పరిశోధన కేంద్రం ఉంది, అక్కడ పెద్ద రాడార్ ఉంది. వాతావరణాన్ని అంత పెద్ద పరికరాలతో ఎందుకు కొలుస్తారో పిల్లలకు అప్పుడు అర్థమవుతుంది. యంత్రంతో వ్యాసం రాయించుకొచ్చిన పిల్లవాణ్ని కూడా నిలబెట్టి ఒకటే అడగండి. "ఇందులో ఏ వాక్యం నువ్వు సరిచూశావు? ఎట్లా చూశావు?" కోపంగా వద్దు, మామూలుగా అడగండి. రెండోసారి ఆ పిల్లవాడు సరిచూసే వస్తాడు.

వయసు మళ్లిన టీచర్లకు ఒక భయం ఉంది. ప్యానెల్ ఆన్ చేయడం రాకపోతే పిల్లల ముందు పరువు పోతుందని. పోదు. "నాకు రాదు, నువ్వు చెయ్యి నాయనా" అని వెనక బెంచీ పిల్లవాణ్ని పిలవండి. వాడు మార్కుల్లో వెనక ఉండొచ్చు. ప్యానెల్ దగ్గర ముందుంటాడు. ఆ రోజు నుంచి వాడు మీ వాడు. ఎవరు పది రోజులుగా నోరు విప్పలేదో, ఎవరు అన్నం తినకుండా వచ్చారో, ఎవరు అర్థం కాకపోయినా తలూపుతున్నారో మీకు కనిపిస్తుంది. ఆ చూపు ముప్పై ఏళ్లు పాఠం చెప్తే వచ్చింది. పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.

ఈ వారమే మొదలుపెట్టండి. రేపు చెప్పబోయే పాఠం తీయండి. పిల్లలు ఫోనులో ఇప్పటికే చూసి ఉంటారనుకునే సంగతి ఒకటి ఎంచుకోండి. పీరియడ్ మొదటి ఐదు నిమిషాలు నోట్‌బుక్‌లో రాయించండి. కరెంటు లేకపోయినా, సిగ్నల్ లేకపోయినా ఆ ఐదు నిమిషాలు జరిగిపోతాయి. వెతకడం మర్నాడు పెట్టుకోవచ్చు. యూనిట్ టెస్టులో కూడా ఒక ప్రశ్న చేర్చండి. ఒక తప్పు మెసేజ్ ఇచ్చి, ఇది నిజమా కాదా ఎట్లా తేలుస్తావో రాయమనండి. రెండు మార్కులు చాలు. మార్కులు ఉన్నాయంటే పిల్లలూ పట్టించుకుంటారు, పెద్దలూ పట్టించుకుంటారు.

ఇక అమ్మానాయనలకు చెప్తానన్న మాట. రాత్రి భోజనాల దగ్గర పిల్లల్ని ఒకటి అడగండి. బళ్లో ఈ రోజు ముందు నువ్వు ఏమనుకున్నావు, చివరికి ఏం తేలింది అని. మీకు చదువు రాకపోయినా అడగొచ్చు. పిల్ల చెప్తుంటే వినండి. "అది నీకు ఎట్లా తెలిసింది?" అని ఇంకొకసారి అడగండి. జవాబు చెప్పలేకపోతే మర్నాడు వాళ్ల సార్‌ను అడిగి రమ్మనండి.